సిరిసిల్ల సాంచాలు: ప్రభుత్వ ఆర్డరు తీర్చిన కొరత, తీర్చని కొరత

తెలంగాణలో మరమగ్గం అనగానే గుర్తుకొచ్చే ఊరు సిరిసిల్ల. కరీంనగర్‌కు పడమట, మానేరు ఒడ్డున ఉన్న ఈ పట్టణంలోనూ, ఆనుకొని ఉన్న తంగళ్లపల్లి వంటి చోట్లలోనూ కలిపి 30 వేలకు పైగా మరమగ్గాలున్నాయి. స్థానికులు వాటిని సాంచాలంటారు. రాష్ట్రంలోని మరమగ్గాల్లో అధిక భాగం ఇక్కడివే. ఇన్ని యంత్రాలు, వాటిని నడిపే నైపుణ్యం, తరాలుగా వస్తున్న నేత వృత్తి ఉన్న ఊరు కలిగిన ఊరై ఉండాలని ఎవరైనా అనుకుంటారు. అయితే 1990ల చివరి నుంచి సిరిసిల్ల పేరు పత్రికలకెక్కింది ఎక్కువగా నేత కార్మికుల ఆత్మహత్యల వార్తలతోనే.

ఈ పట్టణాన్ని నిలబెట్టడానికి ప్రయత్నాలు జరగలేదని అనడానికి వీల్లేదు. బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కు, సగం ధరకు కరెంటు, సాంచాల ఆధునికీకరణ, బతుకమ్మ చీరలు, కార్మికులకు పొదుపు పథకం, పెద్దూరు అపారెల్ పార్కు, కార్మికుణ్ని యజమానిని చేస్తామన్న పథకం, తాజాగా నూలు డిపో ఇలా గత పాతికేళ్లలో ఇక్కడ అమలు కాని తరహా పథకం అరుదు. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక లక్షణం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ప్రభుత్వాలు ఏవైనా, వాటి దృష్టి ప్రధానంగా సాంచా మీదా, అది ఉండే షెడ్డు మీదా, దానికి కావలసిన పని మీదా నిలిచింది. సిరిసిల్ల అసలు కొరత మాత్రం సాంచాకు ముందు నూలు దగ్గరా, సాంచా దిగిన తర్వాత గుడ్డ దగ్గరా ఉంది.

సాంచా వెనుక ఎవరెవరున్నారు

సిరిసిల్ల నేతకు పునాది చేమగ్గమే. నిజాం కాలం నుంచే ఇక్కడి పద్మశాలి కుటుంబాలు బతుకుతెరువు కోసం షోలాపూర్, భివండీ, ముంబయి మిల్లులకు వలస వెళ్లాయి. అక్కడ మరమగ్గం పని నేర్చుకున్నవారిలో కొందరు తిరిగి వచ్చేటప్పుడు ఆ మగ్గాలనే, చాలాసార్లు పాతవాటినే, వెంట తెచ్చుకున్నారు. 1950ల నుంచి అలా ఒక్కొక్కటిగా పెరిగిన పరిశ్రమ ఇది. ఏ ప్రభుత్వ ప్రణాళికా దీనికి ముగ్గు వేయలేదు. ప్రభుత్వ పాత్ర ఏమైనా ఉన్నదంటే అది కరెంటు రూపంలో వచ్చింది. 1970లో పని మొదలుపెట్టిన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, అందరూ సెస్ అని పిలిచేది, దేశంలో తొలి విడతలో ఏర్పడిన గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి. తనతోపాటు పుట్టిన సంఘాలు చాలావరకు పెద్ద విద్యుత్ సంస్థల్లో కలిసిపోయినా ఇది ఇప్పటికీ వినియోగదారులు ఓట్లేసి పాలకవర్గాన్ని ఎన్నుకునే సంఘంగానే నడుస్తోంది. నేతకూ వ్యవసాయానికీ ఊరూరా కరెంటు అందించిన ఆ సంఘం లేకపోతే ఇళ్ల వెనుక రేకుల షెడ్లలో ఇన్ని సాంచాలు ఆడేవి కావు. సిరిసిల్ల అభివృద్ధి గురించి మాట్లాడేవారు అపారెల్ పార్కును తలచినంతగా సెస్‌ను తలచకపోవడం ఆశ్చర్యమే.

ఈ పరిశ్రమలో ఎవరి చేతిలో ఏముందో తెలిస్తే తప్ప ఏ పథకం ఎందుకు పారిందో, ఎందుకు పారలేదో తెలియదు. పైన నూలు తెప్పించి, గుడ్డ కొనే యజమానులుంటారు. స్థానికంగా సేట్లు అనేది వీరినే. కింద ఆసాములుంటారు. ఆసామికి సొంతంగా నాలుగో, ఎనిమిదో, పదహారో సాంచాలుంటాయి. షెడ్డు తనదే లేదా అద్దెది. కానీ దాని మీద ఎక్కే నూలు తనది కాదు, దిగే గుడ్డ తనది కాదు. యజమాని ఇచ్చిన భీములు, అంటే పడుగు నూలు చుట్టిన దిమ్మలు, ఎక్కించుకొని, మీటరుకు ఇంతని కూలికి నేసి ఇస్తాడు. అందులోంచే కరెంటు బిల్లు, మరమ్మతులు, కార్మికుడి కూలి పోవాలి. ఆసామి కింద సాంచా నడిపే కార్మికుడు, పడుగు పోసే వార్పిన్ కార్మికుడు, కండెలు చుట్టే వైపని కార్మికుడు ఉంటారు. పగలు ఒకరు, రాత్రి ఒకరుగా పన్నెండేసి గంటల షిఫ్టులు నడుస్తాయి. ఒక్కో కార్మికుడు ఒకేసారి ఆరు, ఎనిమిది, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ సాంచాలు చూసుకుంటాడు. పోగు తెగితే ఆపి అతకాలి. కండె అయిపోతే మార్చాలి. చెవులు చిల్లులు పడే మోతలో ఒక సాంచా నుంచి మరో సాంచాకు తిరుగుతూనే ఉండాలి. అతనికి నెల జీతమంటూ ఉండదు, నేసిన దాన్ని బట్టే కూలి. సాంచా ఆగితే కూలీ ఆగుతుంది.

ఈ అమరికలో నష్టం ఎప్పుడూ కిందికే జారుతుంది. బజారులో పాలిస్టర్ గుడ్డ ధర పడిపోతే యజమాని నూలు ఇవ్వడం తగ్గిస్తాడు, అతని పెట్టుబడి మునగదు. ఆసామికి సాంచాల మీద తెచ్చిన అప్పు, షెడ్డు అద్దె, కనీస కరెంటు బిల్లు మిగులుతాయి. కార్మికుడికి ఖాళీ రోజులు మిగులుతాయి. పైగా సిరిసిల్లలో అత్యధికం నేసేది సాదా పాలిస్టర్ గుడ్డ, అద్దకం వేయని గ్రే క్లాత్. కాటన్ సాంచాల మీద నేసేది ప్రధానంగా లంగాల గుడ్డ. ఈ రెండూ ఎక్కడైనా, ఎవరైనా నేయగలిగినవే. వీటికి ఊరి పేరు చెప్పి గిరాకీ రాదు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, కొనేవాడు ఆ పేరు అడిగి కొంటాడు. సిరిసిల్ల గ్రే క్లాత్ కొనే వ్యాపారి అడిగేది ధర ఒక్కటే. భివండీలో మీటరుకు పది పైసలు తక్కువకు దొరికితే అక్కడికే పోతాడు. నూలు అటువైపు నుంచే రావాలి, గుడ్డ వేరేచోటికి పోయి అద్దకం వేయించుకోవాలి. రెండువైపులా రవాణా ఖర్చు భరించే సిరిసిల్ల ఆ పది పైసల పోటీలో గెలవడం కష్టం. ఈ పరిస్థితుల్లో సాంచాల సంఖ్య పెంచినా, వాటి వేగం పెంచినా, ఎవరూ అదనంగా అడగని సరుకే అదనంగా తయారవుతుంది.

కోటి చీరల లెక్క

2017లో తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డున్న కుటుంబాల్లోని మహిళలకు దసరా ముందు బతుకమ్మ చీరలు పంచాలని నిర్ణయించింది. ఆ ఏడాది సిరిసిల్ల ఒక్కటే అంత సరుకు అందించలేక కొంత భాగాన్ని సూరత్ నుంచి తెప్పించారు. నాణ్యత బాగాలేదని పలుచోట్ల మహిళలు చీరలను బహిరంగంగానే కాల్చారు. ఆ రచ్చ సిరిసిల్లకు మేలే చేసింది. మరుసటి ఏడాది నుంచి ఆర్డరును ముందుగానే, దాదాపు పూర్తిగా ఇక్కడి సాంచాలకే ఇవ్వడం మొదలైంది. రాష్ట్ర చేనేత సహకార సంస్థ టెస్కో ద్వారా మ్యాక్స్ సంఘాలకూ (పరస్పర సహాయ సహకార సంఘాలు), చిన్న పరిశ్రమల యూనిట్లకూ ఆర్డర్లు పంచేవారు. మొదటి ఏడాది రూ. 220 కోట్ల పైచిలుకు ఉన్న ఖర్చు 2022 నాటికి దాదాపు రూ. 340 కోట్లకు చేరింది. చీరల సంఖ్య కోటికి అటూఇటూగా ఉండేది. దీనికి తోడు ప్రభుత్వ పాఠశాలల యూనిఫాం గుడ్డ, రంజాన్, క్రిస్మస్ కానుకల గుడ్డ కూడా ఇక్కడి నుంచే తీసుకున్నారు.

ఈ ఆర్డరు ఊరికి ఏం చేసిందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. జాకెట్టు ముక్కతో కలిపి చీర 6.3 మీటర్లు. కోటి చీరలంటే 6.3 కోట్ల మీటర్లు. ఊళ్లోని సాంచాల్లో సగం, అంటే 15 వేలు ఈ పనికే కేటాయించారనీ, కండె మార్పులు, పోగు తెగడాలు, అంచు డిజైన్ వల్ల తగ్గే వేగం అన్నీ పోను ఒక్కో సాంచా రోజు మొత్తం మీద 30 మీటర్లు నేసిందనీ అనుకుందాం. రోజుకు నాలుగున్నర లక్షల మీటర్లు తేలుతాయి. ఆ చొప్పున ఆర్డరు పూర్తి కావడానికి 140 రోజులు పడుతుంది. భీములు అందక ఆగిన రోజులు, పండుగలు కలుపుకుంటే అర్ధ సంవత్సరం. అంటే ఊళ్లోని సగం సాంచాలకు సగం ఏడాది ఖాయమైన పని. మిగతా సగం సాంచాలు పాలిస్టర్, కాటన్ బజారు పనికి మిగలడం వల్ల అక్కడ కూడా పోటీ తగ్గి కూలి కొంత నిలబడింది. సాదా పాలిస్టర్ మీద నెలకు రూ. 8 వేల నుంచి 10 వేల దాకా వచ్చే కార్మికుడికి చీరల కాలంలో రూ. 16 వేల నుంచి 20 వేల దాకా వచ్చిందని అప్పటి ప్రభుత్వం చెప్పుకుంది. ఆ అంకెను కొంత తగ్గించి చూసినా, కార్మికుడి ఇంట్లో తేడా తెలిసే మార్పే అది.

ఇందులో మరో మేలు కూడా ఉంది, దాన్ని తగినంతగా ఎవరూ గుర్తించలేదు. సాదా గుడ్డ తప్ప మరోటి నేయని సాంచాలకు చీరల కోసం డాబీలు, జకార్డులు అనే డిజైన్ నేసే పరికరాలు బిగించారు. అంచు, కొంగు, రంగుల అమరిక, నాణ్యత తనిఖీ, గడువు లోపల సరుకు అప్పగించడం వంటివి ఊరు నేర్చుకుంది. ఒక పట్టణానికి ఇవి రాయితీల కన్నా విలువైనవి. కార్మికుడికి నేరుగా చేరేలా నూలు మీద 10 శాతం రాయితీ ఇవ్వడం, కార్మికుడు తన కూలిలో 8 శాతం పొదుపు చేస్తే ప్రభుత్వం అంతే మొత్తం జమ చేసే త్రిఫ్ట్ పథకం కూడా ఈ కాలంలోనే వచ్చాయి. యజమాని దగ్గర ఆగిపోయే సహాయానికీ, కార్మికుడి ఖాతాలో పడే సహాయానికీ తేడా గుర్తించిన ఏర్పాట్లు ఇవి.

అయితే చీర ధరను విడదీసి చూస్తే మరో సంగతి బయటపడుతుంది. 2022 లెక్క ప్రకారం ఒక్కో చీరకు పడిన ఖర్చు రూ. 340 దరిదాపు. అందులో పెద్ద ముక్క నూలుది. ఆ నూలు సిరిసిల్లలో తయారు కాదు, గుజరాత్, మహారాష్ట్రల నుంచి వస్తుంది. కాబట్టి ప్రభుత్వం సిరిసిల్ల పేరిట ఖర్చు పెట్టిన ప్రతి వందలో గణనీయమైన భాగం సిరిసిల్లను తాకి బయటికి వెళ్లిపోయింది. ఊళ్లో మిగిలింది కూలి, ఆసామి మార్జిన్, యజమాని లాభం. కూలి మిగలడం చిన్న విషయం కాదు. ఆ డబ్బు కిరాణా కొట్టులో, టీ హోటల్లో, బడి ఫీజుల్లో, చిట్టీల్లో తిరిగి ఊళ్లోనే ఖర్చవుతుంది. కానీ కోట్లు ఖర్చయిన ఆరేడేళ్ల తర్వాత కూడా నూలు తయారీలో గానీ, అద్దకంలో గానీ, బయటి బజారులో సొంత పేరుతో అమ్మడంలో గానీ ఊరు చెప్పుకోదగిన అడుగు వేయలేదు. ఆ అడుగు వేయాలన్న షరతు ఆర్డరులో ఏనాడూ లేదు. ప్రభుత్వం గుడ్డ కొన్నది, సరఫరాదారును ఎదిగించే పని పెట్టుకోలేదు.

ఒక్కడే కొనుగోలుదారు ఉంటే

2023 డిసెంబరులో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. బతుకమ్మ చీరల పథకం ఆగింది. పాత ఆర్డర్ల బకాయిలు చేతికి రాలేదు. బకాయి వస్తుందన్న ధీమాతో అప్పుకు నూలు తెచ్చిన యజమానులు కొత్తగా భీములు ఇవ్వడం మానేశారు. 2024 మొదట్లోనే సాంచాలు పెద్ద ఎత్తున ఆగాయి. పని లేక, అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్న కార్మికుల వార్తలు మళ్లీ రావడం మొదలైంది. రాజకీయ పక్షాలు తప్పు మీదంటే మీదని వాదించుకున్నాయి. ఎవరి వాటా ఎంతన్నది అలా ఉంచితే, ఊరి ఆర్థిక వ్యవస్థ దృష్ట్యా జరిగింది ఇది: కొనేవాడు ఒక్కడే ఉన్నప్పుడు అతని నిర్ణయం ఒక్కటి మారితే వేల సాంచాలు ఒకే నెలలో ఆగిపోతాయి. బకాయి మాత్రం, పథకం నడిచిన కాలంలోనే పేరుకుంది. పథకం పోవడంతో అది బయటపడిందే తప్ప కొత్తగా పుట్టలేదు.

తర్వాత కొత్త ప్రభుత్వం స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇందిరా మహిళా శక్తి చీరల పేరిట మళ్లీ ఆర్డరు ఇచ్చింది. సాంచాలు తిరిగి ఆడాయి. పేరు మారింది, లబ్ధిదారుల జాబితా మారింది, నమూనా మారలేదు. ప్రభుత్వమే కొనాలి, ప్రభుత్వం చెల్లించేదాకా ఎదురు చూడాలి. రెండు ప్రభుత్వాల విధానాల మధ్య ఎంత వైరం ఉన్నా సిరిసిల్ల విషయంలో వాటి ఆలోచన ఒకే అచ్చులో ఉండటం గమనించాల్సిన విషయం. ఎన్నికల కాలంలో ఊరికి దొరికే జెండాలు, కండువాల పని కూడా ఇదే కోవకు చెందుతుంది. నెలా రెండు నెలలు రాత్రింబవళ్లు పని, ఆ తర్వాత మౌనం.

ప్రభుత్వ ఆర్డరు మీద ఆధారపడటమే తప్పనడం తొందరపాటు అవుతుంది. పొరుగునున్న తమిళనాడులో 1983 నుంచి సంక్రాంతికి పేదలకు ఉచితంగా చీర, ధోవతి ఇచ్చే పథకం నడుస్తోంది. ఈరోడ్ ప్రాంతపు మరమగ్గాలకు ఏటా అది పెద్ద ఆసరా. ప్రభుత్వాలు ఎన్నిసార్లు మారినా నాలుగు దశాబ్దాలుగా కొనసాగుతుండటం వల్ల అక్కడి నేతగాడు దాన్ని పంట కాలంలా ముందే లెక్కలో వేసుకోగలడు. అంతకన్నా ముఖ్యం, ఈరోడ్‌కు ఆ ఆర్డరు ఉన్న ఆదాయాల్లో ఒకటి మాత్రమే. అక్కడ అద్దకం, ప్రాసెసింగ్ యూనిట్లున్నాయి. దక్షిణాది రాష్ట్రాల వ్యాపారులు వారం వారం వచ్చి కొనే జవుళి సంత ఉంది. ప్రభుత్వ చీరలు ఆలస్యమైతే బయటి బజారు ఆదుకుంటుంది, బయటి బజారు పడితే ప్రభుత్వ చీరలు ఆదుకుంటాయి. సిరిసిల్లకు ఈ రెండో కాలు లేదు.

అద్దకం యూనిట్లు పెడితే సరిపోతుందనుకోవడం కూడా అంత తేలిక కాదు. తమిళనాడులోనే తిరుప్పూర్ అద్దకం యూనిట్ల మురుగు నొయ్యల్ నదిని నాశనం చేసింది. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు వాటన్నిటినీ మూసేయమని ఆదేశించాల్సి వచ్చింది. చుక్క మురుగు కూడా బయటికి వదలని శుద్ధి యంత్రాలు పెట్టుకున్నాక గానీ అవి తెరుచుకోలేదు. ఆ శుద్ధి ఖర్చు చిన్న యూనిట్లు మోయలేనంతది. సిరిసిల్ల మానేరు గట్టునే ఉంది, మధ్య మానేరు జలాశయం నీళ్లు ఊరి అంచుల దాకా వస్తాయి. ఆ నీరు ఎన్నో ఊళ్ల తాగునీరు, సాగునీరు. కాబట్టి ఇక్కడ అద్దకమంటే ఉమ్మడి శుద్ధి కేంద్రంతో సహా ఆలోచించాలి, ఆ కేంద్రం పెట్టుబడితోపాటు ఏటా దాని నిర్వహణ ఖర్చును కూడా ఎవరు భరిస్తారో ముందే తేలాలి. బహుశా ప్రభుత్వం పెట్టే డబ్బుకు అన్నిటికన్నా అర్థవంతమైన చోటు అదే. ఒక ఏడాది చీరల ఖర్చులో కొంత భాగాన్ని ఇటు మళ్లించినా ఊరి గుడ్డ విలువ పెరిగేది. కానీ శుద్ధి కేంద్రం పంచిపెట్టగలిగిన వస్తువు కాదు. దాని మీద ఎవరి బొమ్మా అచ్చు వేయలేరు.

పార్కులు, షెడ్లు, బీడీల బుట్ట

పారిశ్రామిక పార్కుల అనుభవం మిశ్రమంగా ఉంది. 2000ల తొలినాళ్లలో బద్దెనపల్లి వద్ద వచ్చిన టెక్స్‌టైల్ పార్కు ఉద్దేశం మంచిదే. ఇళ్ల మధ్య ఇరుకు షెడ్లలోని పాత సాంచాలకు బదులు విశాలమైన స్థలంలో ఆధునిక మగ్గాలు రావాలన్నది ఆలోచన. వచ్చినవాటిలో కొన్ని బాగానే నడిచాయి. కానీ ఆధునిక మగ్గానికి కావలసిన పెట్టుబడి ఎక్కువ, బ్యాంకు వాయిదాలు కచ్చితం. గుడ్డ మాత్రం అదే పాలిస్టర్, ధర నిర్ణయించేది అదే బయటి బజారు. పైగా కరెంటు రాయితీ ఏ స్థాయి యూనిట్లకు వర్తిస్తుందన్నదానిపై తలెత్తిన వివాదాలు, పాత బిల్లుల వసూలు భయం పార్కు యూనిట్లను ఏళ్ల తరబడి వెంటాడాయి. సాంచాల ఆధునికీకరణకు కేంద్రం 2017 ఏప్రిల్‌లో ప్రారంభించిన పవర్‌టెక్స్ ఇండియా కింద పాత సాంచాకే కొన్ని పరికరాలు బిగించి మెరుగుపరచే వీలు కలిగింది. చిన్న ఆసామికి అప్పట్లో అందుబాటులో ఉన్న సాయం అదే.

కార్మికుణ్ని యజమానిని చేసే పథకం గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఎందుకంటే ఊరి సమస్యను దాని మూలంలో పట్టుకోవాలని చూసిన ఆలోచన అది ఒక్కటే. పెద్దూరులో 88 ఎకరాల్లో షెడ్లు కట్టి, 1,104 మంది కార్మికులకు తలా నాలుగు సాంచాల చొప్పున 4,416 సాంచాలు ఇవ్వాలని ప్రణాళిక. షెడ్లు లేచాయి. సాంచాలు రాక అవి ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయాయి. జాప్యాన్ని పక్కన పెట్టినా ఈ పథకంలో జవాబు దొరకని ప్రశ్న ఒకటుంది. నాలుగు సాంచాలున్న కార్మికుడు ఏమవుతాడు? ఇప్పటి అమరికలో అతడు ఆసామి అవుతాడు. అంటే నూలు ఇంకొకరిది, గుడ్డ ఇంకొకరిది, అప్పు మాత్రం తనది. నూలు కొనడానికి చేబదులు, గుడ్డ అమ్ముకోవడానికి ఒక సంఘం, ధర పడిపోయినప్పుడు ఆగగలిగే ఓపిక లేకుండా సాంచా ఒక్కదాన్నే ఇస్తే, నష్టం కిందికి జారే ఆ నిచ్చెనలో అతణ్ని ఒక మెట్టు పైకి ఎక్కించినట్టవుతుందే తప్ప నిచ్చెన మారదు. ఆ షెడ్లలో ఒక్కోదాన్ని ఒక్కో చిన్న సహకార సంఘంగా నడిపి, వాటన్నిటికీ ఉమ్మడిగా నూలు కొనుగోలు, అమ్మకం ఏర్పాటు చేస్తే ఫలితం వేరుగా ఉండే అవకాశముంది. సెస్ వంటి సంఘాన్ని అర్ధ శతాబ్దంగా నడుపుతున్న ప్రాంతానికి సహకార పద్ధతి కొత్తేమీ కాదు.

అపారెల్ పార్కు వేరే దారి. పెద్దూరులోనే ప్రభుత్వం షెడ్లూ స్థలమూ ఇవ్వగా గోకల్‌దాస్ ఇమేజెస్, టెక్స్‌పోర్ట్ వంటి ఎగుమతి సంస్థలు దుస్తుల కుట్టు యూనిట్లకు ముందుకొచ్చాయి. ఇక్కడ పనిచేసేది ప్రధానంగా మహిళలు. దీని ప్రాధాన్యం తెలియాలంటే సిరిసిల్ల ఇళ్లలో సాంచాతోపాటు కనిపించే బీడీల బుట్టను చూడాలి. భర్త సాంచా మీద, భార్య బీడీల మీద అన్నది ఇక్కడి ఎన్నో కుటుంబాల బతుకు లెక్క. ఒళ్లో చేట పెట్టుకొని తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, వెయ్యి బీడీలు చుడితే వచ్చే కూలితోనే సాంచా ఆగిన వారాలు గడుస్తాయి. ఊపిరితిత్తులకూ, వెన్నుకూ హాని చేసే ఈ పని నుంచి తర్వాతి తరం ఆడపిల్లలు బయటపడటానికి కుట్టు యూనిట్టు ఒక దారి చూపింది. నెల నెలా జీతం, భవిష్య నిధి, ఇంటి నుంచి బస్సు వంటివి బీడీ చుట్టే తల్లికి దొరకనివి. అయితే ఊరి నేతకూ ఈ కుట్టుకూ మధ్య సంబంధం దాదాపు లేదు. ఎగుమతి సంస్థ కోరే గుడ్డను సిరిసిల్ల సాంచా నేయలేదు. గుడ్డ బయటి నుంచి వచ్చి, ఇక్కడ దుస్తులై, మళ్లీ బయటికి పోతుంది. రెండు పరిశ్రమలు ఒకే ఊళ్లో పక్కపక్కన ఉన్నాయి గానీ ఒకదానికొకటి పని పెట్టుకోవడం లేదు. పాఠశాల యూనిఫాం వంటి దేశీయ సరుకు విషయంలోనైనా సిరిసిల్ల గుడ్డ సిరిసిల్లలోనే కుట్టబడితే, ఊళ్లో మిగిలే రూపాయి వాటా వెంటనే పెరుగుతుంది.

2016 అక్టోబరులో జిల్లా కేంద్రమయ్యాక వచ్చిన కలెక్టరేటు, ఇంజినీరింగ్ కళాశాల, వైద్య కళాశాల ఊళ్లో జీతగాళ్ల సంఖ్యను పెంచాయి. అద్దెలూ, హోటళ్లూ పెరిగాయి. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు, పక్కనే ఉన్న వేములవాడ రాజన్న భక్తుల రద్దీ కూడా వ్యాపారానికి తోడే. సాంచా ఆగినా ఊరు పూర్తిగా కుప్పకూలకపోవడానికి ఇవీ కారణమే.

నూలు డిపో, పన్ను, రైలు

2024 చివర్లో వేములవాడలో నూలు డిపో ప్రారంభం కావడంతో పాతికేళ్లలో మొదటిసారి ఒక ప్రయత్నం సాంచాకు ముందున్న కొరతను నేరుగా తాకింది. దీని విజయం గోదాములో ఎంత నూలు ఉందన్నదాని మీద ఆధారపడదు. ఏ షరతుల మీద ఇస్తారన్నదే అసలు విషయం. పెద్ద యూనిట్లకే నూలు అందితే ఇది సేట్ల మరో దుకాణమవుతుంది. ఎనిమిది సాంచాల ఆసామి తన చిన్న సంఘం పూచీకత్తు మీద ముప్పై, నలభై రోజుల అప్పుకు నూలు తీసుకొని, నేసి, అమ్మి, తీర్చగలిగితే మొదటిసారి అతని సాంచా మీద ఎక్కే నూలు అతనిదవుతుంది. ప్రభుత్వ ఆర్డర్ల నూలుకే డిపోను పరిమితం చేస్తే ఆ అవకాశం పోతుంది.

పన్నుల విషయంలో కూడా పాత చిక్కు ఒకటి సడలింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు కృత్రిమ నూలు మీద పన్ను గుడ్డ మీది 5 శాతం కన్నా ఎక్కువగా ఉండేది. నూలు మీద కట్టిన అదనపు పన్నును గుడ్డ నేసేవాడు 2018 ఆగస్టు దాకా తిరిగి పొందే వీలే లేదు. ఆ తర్వాత వీలు కలిగినా ఆ కాగితాల పని చిన్న ఆసామి చేయగలిగింది కాదు, డబ్బు ప్రభుత్వం దగ్గర ఇరుక్కునేది. 2025 సెప్టెంబరు 22 నుంచి కృత్రిమ నూలు మీద పన్నును 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించడంతో ఆ తేడా పోయింది. పాలిస్టర్ మీద బతికే ఊరికి ఇది ఏ రాయితీ ప్రకటనకూ తీసిపోదు. సొంతంగా నూలు కొనే ఆసామికి పెట్టుబడి అవసరం ఆ మేరకు తగ్గుతుంది, కాబట్టి డిపో ఆలోచనకు ఇది నేరుగా ఊతమిస్తుంది.

2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగిన మనోహరాబాద్–కొత్తపల్లి రైలు మార్గం 2023 అక్టోబరు నాటికి సిద్దిపేట చేరింది. సిరిసిల్ల దాకా వస్తే నూలు రావడానికీ గుడ్డ పోవడానికీ అయ్యే ఖర్చు తగ్గుతుంది. ప్రయాణికుల రైలుతోపాటు సరుకు దించే ఏర్పాటు, గోదాము కూడా స్టేషన్ వద్ద ఉండాలని ఇప్పుడే అడగాల్సింది యజమానుల సంఘాలూ పురపాలక సంఘమూనే. మార్గం పూర్తయ్యాక అడిగితే స్థలం మిగలదు.

ఇక ప్రభుత్వ ఆర్డరు విషయానికొస్తే, దాన్ని మానేయమని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. మారాల్సింది దాని షరతులు. చీర, యూనిఫాం ఆర్డర్లకు మూడేళ్ల ముందస్తు క్యాలెండరు ఉండి, సరుకు అప్పగించిన తర్వాత చెల్లింపుకు గడువు ఖరారై, గడువు దాటితే వడ్డీ పడే నిబంధన ఉంటే, ఆ ఆర్డరు పత్రం చూపి బ్యాంకులో అప్పు పుడుతుంది. ఆర్డరులో కొంత వాటాను నూలు సొంతంగా కొన్న ఆసాముల సంఘాలకే కేటాయిస్తే, డిపో దగ్గర నిలబడటానికి వారికి కారణం ఉంటుంది. ఏటా ఆర్డరు పొందే యూనిట్టు తన ఉత్పత్తిలో కొంత శాతం బయటి బజారులో అమ్మినట్టు చూపాలన్న నిబంధన పెడితే మొదట్లో గగ్గోలు పుడుతుంది. చీరల కోసం బిగించిన జకార్డులు ఆర్డరు లేని నెలల్లో దుమ్ము పట్టకుండా ఉండాలంటే మాత్రం అంతకన్నా దగ్గరి దారి లేదు.